దేబిరించడం అంటే మళ్ళీ మళ్ళీ అడగడమేనా?

అద్దెకొంప
మియాపూర్‌లో ఫ్లాట్ ఖాళీ చేసి చాలా రోజులైంది. రెండు నెలల అడ్వాన్సు ఇంకా ఓనరు దగ్గరే ఉంది. ఫోన్ చేస్తే "కొత్తవాళ్ళు దిగనీ బాబూ, చూద్దాం" అంటాడు. కొత్తవాళ్ళు దిగి పాలు కూడా పొంగించుకున్నారని వాచ్‌మన్ చెప్పాడు. నిన్న విసుగెత్తి వాట్సాప్‌లో "సార్, మా డబ్బు కోసం ఇంకా ఎన్నాళ్ళు మిమ్మల్ని దేబిరించాలి?" అని పెట్టాను. ఆయన బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నాడు.

ఇక్కడ అడుగుతున్నది డబ్బు గురించి కాదు. మా ఆవిడ ఆ మెసేజి చూసి "మన డబ్బు మనం అడుగుతూ దేబిరించడం ఏంటి, మనమేమన్నా ముష్టెత్తుకుంటున్నామా" అని రాత్రంతా క్లాసు పీకింది. నా లెక్కలో దేబిరించడం అంటే పదే పదే అడగడం, అంతే. మాది గుంటూరు వైపు, తనది తణుకు. తెలిసినవాళ్ళు చెప్పండి, ఎవరు రైటు?

గోదారిగట్టు
మీ ఆవిడే రైటు. ఇందులో అడగడానికేముంది?

కందిపొడి
తణుకు ఆవిడ రైటని గోదారిగట్టు గారు చెప్పారు. జడ్జి గారు ఏ జిల్లానో ఎవరూ అడగొద్దు.

గోదారిగట్టు
జిల్లా సంగతి పక్కన పెట్టండి. నాలుగు మాటలు వరసగా చూడండి. అడగడం అంటే మామూలుగా అడగడం. బతిమాలడం అంటే ఎదుటివాడు కాదంటున్నా మంచి మాటలతో ఒప్పించడం, ఇందులో చనువుంటుంది. భార్యని బతిమాలొచ్చు, అలిగిన బావమరిదిని బతిమాలొచ్చు, పరువేమీ పోదు. ప్రాధేయపడడం అంటే అవసరం మరీ పెద్దదై తల వంచడం, ఆసుపత్రిలో డాక్టరు ముందు చేసేది అది. దేబిరించడంలో తల వంచడంతో పాటు సిగ్గు కూడా వదిలేస్తాం. ఎన్నిసార్లు అడిగామన్న లెక్క అందులో లేదు. ఒక్కసారి అడిగినా దేబిరించినట్టే ఉండొచ్చు.

సీమటపాకాయ్
ఇంత రామాయణం ఎందుకన్నా. మా కడపలో "అడిగి అడిగి నోరు పడిపాయ" అంటే సరిపాయ. ముందు ఆ దుడ్లు వచ్చేదారి చూడండి.

పాలమూరు_పోరడు
మా దిక్కు గా మాట ఇంట్ల ఎవ్వరు అనరు. పేపర్ల చూసినం, టీవీల ఇన్నం. మేం బతిలాడుడు అంటం. పిలగాడు సైకిల్ కోసం ఎంటబడ్తె సతాయించుడు అంటం, జిద్దు చేస్తుండు అంటం. మీరు చెప్పే సిగ్గు ఇడిసి అడుగుడుకు మాకు ఇంకో మాట ఉన్నది, అది అనబుద్ధి గాదు.

కందిపొడి
ఏ మాట తమ్ముడూ?

పాలమూరు_పోరడు
"బాంచన్ దొరా, నీ కాల్మొక్త." బాంచన్ అంటె బానిస.

మా తాత చిన్నగున్నప్పుడు దొర గడీ ముంగట చెప్పులు చేతుల పట్టుకొని నడిచిండంట. కౌలు మాఫీ అడగాలన్నా, పోయిన బర్రె అడగాలన్నా ఆ మాటతోనే షురూ జెయ్యాలె. అది అడుక్కునుడు గాదు. అడిగెటోడు నోరు తెర్వకముందే వాని తావు ఏందో వాని నోటితోనే చెప్పిచ్చుడు. 1946 నుంచి 1951 దాంక సాగిన సాయుధ పోరాటం గా మాట మీదనే మొదలైందని మా ముసలోళ్ళు అంటరు. ఇప్పుడు దోస్తుల మధ్యల మజాక్‌కు అంటున్నం గాని, ఎనబై ఏండ్ల ముసలాయన ముందట అనిచూడు, మొకం మారుతది.

ఉక్కునగరం_పిల్ల
పై పోస్టు చదివాక నాకు ఒకటి తట్టింది. మా నాన్నగారు పోయాక అమ్మకి రావలసిన ఫ్యామిలీ పెన్షను కోసం ఒక ఆఫీసు చుట్టూ తిరిగాం. ఒకసారి సంతకం కలవలేదంటారు. ఇంకోసారి జిరాక్సు మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం లేదంటారు. మరోసారి సీట్లో మనిషే ఉండడు, కుర్చీకి తువ్వాలు మాత్రం ఉంటుంది. చివరికి ఒకాయన, అమ్మ ఎదురుగానే, పక్క సీటాయనతో "రోజూ వచ్చి దేబిరిస్తారండీ" అన్నాడు. మా అమ్మ ఆరోజు మాట కూడా పెద్దగా మాట్లాడలేదు. సంచీలో ఫైలు పట్టుకుని బెంచీ మీద కూర్చుంది, అంతే.

గోదారిగట్టు గారూ, మీరు సిగ్గు వదిలేయడం అన్నారు. మా అమ్మ ఏ సిగ్గూ వదల్లేదు. ఇవ్వాల్సినవాడు ఇవ్వకుండా, తిప్పుకుంటూ, మళ్ళీ ఆ మాట అవతలివాళ్ళకి అంటగట్టాడు. ఈ మాట అడిగేవాడిది కాదు, ఇవ్వనివాడిది.

గోదారిగట్టు
అది ఆ గుమాస్తా నోటి దూల. మాటని తప్పుగా వాడాడు, మాట తప్పు కాదు కదా.

ఉక్కునగరం_పిల్ల
తప్పుగా ఎక్కడ వాడాడండీ? అందరూ అలాగే వాడతారు. మీరు ఎవరి గురించైనా మెచ్చుకుంటూ "భలే దేబిరించాడు" అనగా విన్నారా?

డాలస్_బాబాయ్
మా ఆఫీసులో దేబిరించడానికి ముద్దుపేరు ఉంది. "జెంటిల్ రిమైండర్." రెండోసారి దేబిరిస్తే "జస్ట్ ఫాలోయింగ్ అప్." మూడోసారి మేనేజర్ని కాపీలో పెట్టి దేబిరిస్తాం. గ్రీన్‌కార్డు ఫైలు గురించి లాయరుకి నేను పెట్టిన మెయిళ్ళన్నీ కలిపితే ఒక దండకం అవుతుంది.

కందిపొడి
బాబాయ్, దండకంలో దేవుడు ఎప్పుడో ఒకప్పుడు ప్రత్యక్షమవుతాడు.

డాలస్_బాబాయ్
ఇక్కడ "అవుట్ ఆఫ్ ఆఫీస్" ప్రత్యక్షమవుతుంది.

పెన్షనర్_తెలుగుమాస్టారు
ఆలస్యంగా చూశాను. మాటల మీద గొడవ జరుగుతుంటే ఊరుకోలేను, మన్నించాలి.

నిఘంటువు తెరిస్తే దైన్యంగా అడగడం అన్న అర్థమే వస్తుంది, దానితో తగువు తీరదు. మాట ఎలా వాడుతున్నామో చూడాలి. మనకి మనం వాడుకున్నప్పుడు ఈ క్రియ దాదాపు ఎప్పుడూ లేదనో, కాదనో, ఏమిటనో వస్తుంది. "ఎవర్నీ దేబిరించలేదు." "నేను దేబిరించను." "దేబిరించాల్సిన ఖర్మ నాకేమిటి?" "నిన్న ఫలానావారిని దేబిరించాను, పని అయింది" అని ఎవరైనా తాపీగా చెప్పుకుంటారా? బతిమాలాను అంటారు. కాళ్ళావేళ్ళా పడ్డాను అని కూడా అంటారు, అందులో కొంచెం గొప్ప కూడా ఉంటుంది. దేబిరించాను అనరు. ఎదుటివాడి గురించైతే మాత్రం ధారాళంగా అంటారు. ఉక్కునగరం అమ్మాయి చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం.

ఆ లెక్కన అద్దెకొంప వాక్యం మళ్ళీ చదవండి. "ఇంకా ఎన్నాళ్ళు దేబిరించాలి?" అది ప్రశ్న రూపంలో ఉన్న నిరాకరణ. నేను ఇక దేబిరించను అని చెప్పినట్టే. కాబట్టి ఆయన వాడకం సరైనదే, ఆయన చెప్పిన అర్థం మాత్రం సరికాదు.

అద్దెకొంప
మాస్టారూ, ఈ తీర్పు మా ఆవిడకి చూపించాను. "చివరి వాక్యం మళ్ళీ చదువు" అంది.

సీమటపాకాయ్
మాస్టారు చెప్పింది బాగుంది కానీ ఓనరుకు వ్యాకరణం తెలియదు కదన్నా. ఆయనకు కనపడింది ఒక్క దేబిరించుడే. అందుకే బొటనవేలు పెట్టినాడు.

పెన్షనర్_తెలుగుమాస్టారు
అదీ నిజమే నాయనా.

ఇంకో మాట. పట్టువదలకుండా అడగడం వేరు, దైన్యంగా అడగడం వేరు. మొదటిదానికి మన ఊళ్ళలో ఒక కళే ఉండేది. మా చిన్నప్పుడు సంక్రాంతి నెలలో కొమ్మదాసరి వచ్చేవాడు. ఇంటి ముందున్న చెట్టెక్కి, కొమ్మ చివర దాకా పోయి, ఆ ఇంటి యజమాని పేరు, ఇల్లాలి పేరు కలిపి పొగడ్తలు అందుకునేవాడు. మధ్యలో కొమ్మ ఊపి "పడిపోతున్నా, పడిపోతున్నానహో" అని అరుపు. కింద పిల్లలం చెట్టు చుట్టూ మూగేవాళ్ళం. మా అమ్మ చేటలో బియ్యం తెచ్చి గుమ్మంలో నిలబడితే, "పాత పంచె కూడా ఇప్పించమ్మా, లేకపోతే పడతా" అనేవాడు. బియ్యం చూసి ఒక కొమ్మ దిగేవాడు. పంచె చూస్తేనే పూర్తిగా దిగేవాడు. ఒకసారి మా అమ్మ పంచె ఇవ్వనని లోపలికి వెళ్ళిపోతే, ఆయన పక్కింటి పిన్నిగారి పేరు పెట్టి పొగడడం మొదలుపెట్టాడు. అమ్మ పరుగున పంచె తెచ్చింది.

అతన్ని ఎవరూ దేబిరించాడు అనలేదు. వదలకుండా అడిగాడు, బెదిరించాడు కూడా. అడిగినంతసేపూ మనకంటే ఎత్తులోనే ఉన్నాడు.

కందిపొడి
పక్కింటి పిన్నిగారి పేరు. ఆ దెబ్బకి ఎవరైనా ఇవ్వాల్సిందే.

చెన్నపట్నం_చిన్నోడు
మొండి బిచ్చం అనే మాట కూడా ఉంది కదండీ? మా నాన్న నన్ను మొండిబండ అని తిట్టేవారు, ఏదన్నా కావాలని కూర్చుంటే లేచేవాణ్ణి కాదని.

పెన్షనర్_తెలుగుమాస్టారు
ఆ తిట్టు ఇప్పుడు ఆలోచించి వాడాలి. మొండివారు, మొండిబండ, బండ అని బీసీ-ఏ జాబితాలో ఉన్న ఒక కులం పేరు అది. థర్స్టన్ అనే ఇంగ్లీషాయన దక్షిణాది కులాల మీద 1909లో వేసిన ఏడు సంపుటాల్లో వీళ్ళ గురించి ఉంది. ఇవ్వకపోతే ఒంటి మీద రాయితో కొట్టుకుని, కత్తితో గీసుకుని అడిగేవాళ్ళని రాశాడు. ఆయన దొరగారి చూపుతో రాశాడు, అది వేరే సంగతి. ఆ పని మానేసి తరాలైన కుటుంబాల పేరు మన ఇళ్ళలో పిల్లల్ని తిట్టడానికి మిగిలింది.

చెన్నపట్నం_చిన్నోడు
ఇది నాకు తెలియదు. నాన్నకి పంపిస్తున్నా.

ప్లీడర్_గుమాస్తా
అద్దెకొంప గారికి ఒక సలహా. దేబిరించడం మానేసి ఓనరు గుమ్మం ముందు ధర్నా కూర్చోండి. సరదాకి అనడం లేదు, ధర్నా పుట్టిందే బాకీ వసూలుకి. అప్పిచ్చినవాడు బాకీదారు గుమ్మంలో తిండి మానేసి కూర్చునేవాడు. వీడికేమన్నా అయితే ఆ పాపం బాకీదారుకి చుట్టుకుంటుందని భయం. అది ఎంత జోరుగా సాగేదంటే 1860 నాటి శిక్షాస్మృతిలో 508వ సెక్షన్ కింద ఉదాహరణగా దాన్నే రాశారు. దైవాగ్రహానికి గురవుతావని నమ్మించేందుకు గుమ్మంలో ధర్నా కూర్చుంటే నేరం. 2024 జులై 1 నుంచి ఆ శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది.

చూడండి, ఇక్కడ పరువు పోయేది అడిగేవాడిది కాదు, ఇవ్వనివాడిది. దేబిరించడానికి పక్కా ఎదురు మాట.

సీమటపాకాయ్
అంటే కూర్చోమంటారా, కూర్చుంటే లోపలేస్తారంటారా?

ప్లీడర్_గుమాస్తా
దేవుడి పేరెత్తకుండా కూర్చోండి. ఇంకా మంచిది, అగ్రిమెంటులో అడ్వాన్సు తిరిగివ్వాల్సిన గడువు ఏం రాశారో చూసి, ఆ పేరా ఫొటో తీసి పంపి, తేదీ వేసి నోటీసివ్వండి. రిజిస్ట్రేషనుతో స్పీడ్ పోస్టులో వెళ్ళాలి. వాట్సాప్ బొటనవేలు చేతనైతే పోస్టుమాన్ దగ్గర సంతకమూ చేతనవుతుంది.

బెంగుళూరు_ఇరుకుగది
రెండు నెలల అడ్వాన్సుకేనా ఇంత గోల? మా ఊళ్ళో పది నెలలు అడిగిన ఓనర్లున్నారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగుకని ఒక నెల కోస్తారు, గోడకి మేకు కొట్టని వాడికి కూడా. ఇక్కడ కన్నడంలో గోగరె అనే మాట వింటుంటా. "ఎష్టు గోగరెదరూ కొడలిల్ల" అంటారు, అంటే ఎంత బతిమాలినా ఇవ్వలేదని. దీనికీ దేబిరించడానికీ దగ్గర చుట్టరికం అనిపిస్తుంది, అర్థంలో.

చెన్నపట్నం_చిన్నోడు
మాకు తమిళంలో కెంజు. ఇంట్లో మేం తెలుగే మాట్లాడినా "ఎంత కెంజినా వినడు" అనేస్తాం. ఊరెళ్తే చుట్టాలు నవ్వుతారు.

అద్దెకొంప
సరే, నోటీసు సంగతి చూస్తా. ఈలోగా ఆయనకి పెట్టడానికి ఒక మెసేజి రాసిపెట్టండి ఎవరన్నా. పరువు పోకూడదు, డబ్బు రావాలి.

గోదారిగట్టు
"నమస్కారమండీ. అడ్వాన్సు ఈ శనివారం లోపు పంపగలరు." పంపగలరు అన్నాక ప్రశ్నార్థకం పెట్టొద్దు. అక్కడే చాలామంది జారిపోతారు.

పాలమూరు_పోరడు
"సార్, శనివారం ఇంటికొస్తున్న. పైసల్ తయ్యారు పెట్టున్రి." గింతే.

డాలస్_బాబాయ్
"జెంటిల్ రిమైండర్..."

కందిపొడి
బాబాయ్‌ని ఈ కమిటీ నుంచి తీసేయండి.

సీమటపాకాయ్
సీమ నుంచి ఇద్దరు మామలను పంపిస్తాం, వాళ్ళేం మాట్లాడరు. ఊరికే వరండాలో కూర్చొని టీ అడుగుతారు.

మోడరేటర్
చివరి పోస్టు సరదాకని నమ్ముతున్నాం. ఓట్ల కోసం ఎవరు ఎవర్ని దేబిరించారో చెబుతూ వచ్చిన రెండు పోస్టులు తీసేశాం. పార్టీల సంగతి వేరే చోట.

ఉక్కునగరం_పిల్ల
తీసేసినవి చదవలేదు గానీ హెడ్డింగుల్లో ఈ మాట ఎక్కువగా కనిపించేది అక్కడే. నిధుల కోసం దేబిరించాలా, నీళ్ళ కోసం దేబిరించాలా అని. అందులోనూ మా అమ్మ కథే. రావలసినవాటా అడిగితే దేబిరించడం అయిపోయింది.

గోదారిగట్టు
ఈసారి ఒప్పుకోను. ఆ హెడ్డింగు పెట్టేవాడు మన పక్షాన పౌరుషం రెచ్చగొట్టడానికే పెడతాడు. మాస్టారు చెప్పిన ప్రశ్నే అది. అవమానించడానికి కాదు.

ఉక్కునగరం_పిల్ల
పౌరుషం రెచ్చగొట్టాలన్నా ముందు మనల్ని కిందకి తోసి చూపించాలి కదండీ.

పెన్షనర్_తెలుగుమాస్టారు
అడగడంలో ఎక్కడ తక్కువతనం ఉందనేది మాట మీదే కాదు, ఎవరి కోసం అడుగుతున్నామన్న దాని మీద కూడా ఉంటుంది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చాక రామారావు, నాగేశ్వరరావు లాంటి నటులు జనంలోకి వెళ్ళి విరాళాలు పోగుచేశారు. కోటీశ్వరులు చెయ్యి చాచారు. దాన్ని జోలె పట్టడం అన్నాం. చెయ్యి చాచడం అదే, మాట మారింది.

అలాగే ముష్టి అంటే పిడికిలి. పిడికెడు బియ్యం పెట్టడం వల్ల ఆ పేరు. ఇప్పుడు "ముష్టి వంద రూపాయలకి గొడవా" అని వాడుతున్నాం. పూర్వం తిరిపెం అనేవాళ్ళు. శ్రీనాథుడిదని చెప్పే చాటువులో శివుణ్ణే "తిరిపెమునకిద్దరాండ్రా" అని ఎకసెక్కం చేశాడు. అడుక్కుతినేవాడికి ఇద్దరు పెళ్ళాలా, గంగని వదిలెయ్యి అని. అక్కడ గమ్మత్తేమిటంటే, నీళ్ళు లేని పల్నాటిలో గుక్కెడు నీళ్ళ కోసం అడుగుతున్నది కవి. అడిగించుకున్నవాణ్ణే బిచ్చగాడు అన్నాడు.

కందిపొడి
అద్దెకొంప గారికి మెసేజి దొరికింది. "రెండు ఫ్లాట్లు ఎందుకు సార్ మీకు, ఒకటి చాలు, అడ్వాన్సు వదలండి."

రాత్రిబండి
కొత్త మెంబర్ని. దీనికి జవాబు చెప్పండి. మేం అన్నానికి కూర్చుంటే మా కుక్క బల్ల పక్కన కూర్చుని కళ్ళార్పకుండా చూస్తుంది. మొరగదు, గీకదు, దగ్గరికి రాదు. చొంగ ఒక్కటే కారుస్తుంది. మా అత్తయ్య "చూడు ఎలా దేబిరిస్తోందో" అంటారు. ఒక్క మాట అడగనిదాన్ని దేబిరించడం అనొచ్చా?

గోదారిగట్టు
అనొచ్చు. నేను మొదట చెప్పింది ఇదే. ఎన్నిసార్లన్న లెక్కే లేదు. మా అమ్మమ్మ కూడా పెళ్ళిళ్ళలో లడ్డూల గంగాళం వైపు చూస్తుంటే "దేబె మొహం వేసుకుని చూడకు" అని నడ్డి మీద ఒకటి ఇచ్చేది. నేను నోరు విప్పి అడిగింది లేదు.

అద్దెకొంప
అయితే మూడు నెలలుగా ఆయన ఫ్లాటు వైపు చూస్తూ ఆఫీసుకి వెళ్తున్నాను, అది కూడా దేబిరించడమేనా?

సీమటపాకాయ్
చొంగ కారకపోతే కాదన్నా.

ఉక్కునగరం_పిల్ల
కుక్క సంగతిలో గోదారిగట్టు గారితో ఏకీభవిస్తున్నా. అయితే అక్కడ కూడా ఆ మాట అన్నది పళ్ళెం ముందు కూర్చున్న అత్తయ్యే అని మనవి.

రాత్రిబండి
అత్తయ్యే రోజూ దానికి పెరుగన్నం కలిపి పెట్టేది కూడా. తిడుతూనే పెడతారు.

బెంగుళూరు_ఇరుకుగది
ఇంతకీ "బతిమాలి బామాలి" అంటాం కదా. బతిమాలడం సరే, బామాలడం ఒంటరిగా ఎవరైనా చేశారా ఎప్పుడైనా?

కందిపొడి
బామాలడం జంటగా వచ్చే చుట్టం. విడిగా ఫోన్ నంబరు లేదు.

పెన్షనర్_తెలుగుమాస్టారు
విడిగా కూడా ఉంది. "వాణ్ణి బామాలి తీసుకొచ్చాను" అని మా కృష్ణా జిల్లా పెద్దవాళ్ళు అనేవారు. బుజ్జగించి అనే ఛాయ ఎక్కువ.

రాత్రిబండి
మా తాతగారు దేబిరించడాన్ని దేవురించడం అంటారు. అదీ ఇదీ ఒకటేనా, ఆయనకి పళ్ళు లేక అలా వస్తోందా?

పెన్షనర్_తెలుగుమాస్టారు
రెండూ ఉన్నాయమ్మా. తాతగారి పళ్ళకి సంబంధం లేదు.